చిగుట్లో మత్తు సూది, క్యాన్సర్ కణానికి అడ్డుగడియ

మొన్న చిక్కడపల్లిలో పన్ను పీకించుకున్నాను. చిగుట్లో సూది దిగిన కాసేపటికే సగం పెదవి నాది కాకుండా పోయింది. ఆ మందు లిగ్నోకెయిన్. నరాల కణాల పొరలో సోడియం లోపలికి వచ్చే సన్నటి ద్వారాలుంటాయి. అవి అయాన్ చానెళ్లు. తెరుచుకుంటేనే నొప్పి కబురు మెదడుకు చేరుతుంది. లిగ్నోకెయిన్ వాటికి గడియ పెడుతుంది.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతేమిటంటే, గుండె కండరంలో ఉండాల్సిన నావ్ 1.5 అనే సోడియం చానెల్ కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల్లోనూ కనిపించింది. అక్కడ దానికేం పని? దారి చేసుకోవడం. సోడియం లోపలికి వస్తుంటే కణం ఆమ్లాన్ని బయటికి నెట్టడం పెరుగుతుంది. చుట్టూ పులుపెక్కగానే కణాల మధ్య అల్లికను కరిగించే ఎంజైములు చురుకవుతాయి.

గ్లయోమా అనే మెదడు క్యాన్సర్‌లో పద్ధతి వేరు. మాగాయకు ముక్కలు తరిగి ఉప్పు పట్టిస్తే ఊట బయటికొచ్చి ముక్క వడిలిపోతుంది కదా, ఉప్పు ఎటుంటే నీరు అటే. గ్లయోమా కణం పొటాషియం, క్లోరైడ్‌లను చానెళ్లగుండా బయటికి వదులుతుంది. నీరూ వాటి వెంటే పోతుంది. అలా చిక్కిపోయిన కణం, అశోక్‌నగర్ సందుల్లో బ్యాగు ఛాతీకి అదుముకుని బైకుల మధ్య నుంచి దూరిపోయే కోచింగ్ కుర్రాడిలా, ఇరుకులోంచి జారిపోతుంది.

రొమ్ములో గడ్డను కోసేటప్పుడు కొన్ని కణాలు కదిలి రక్తంలోకి జారతాయేమోనన్న భయం ఎప్పటినుంచో ఉంది. ముంబై టాటా మెమోరియల్‌కు చెందిన డాక్టర్ రాజేంద్ర బద్వే బృందం ఆ కదలికను లిగ్నోకెయిన్ ముందే ఆపగలదా అన్నదాన్ని దేశంలోని 11 క్యాన్సర్ కేంద్రాల్లో పరీక్షించింది. తొలిదశ రొమ్ము క్యాన్సర్ ఉన్నవారిలో సగం మందికి, ఆపరేషన్‌కు 7 నుంచి 10 నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ ఎక్కించారు. 1,583 మంది ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఐదేళ్ల తర్వాత బతికున్నవారు మామూలు ఆపరేషన్ చేసినవారిలో 86.4 శాతం, సూది వేసినవారిలో 90.1 శాతం. చానెళ్లు మూసుకోవడమే కారణమని ఈ అధ్యయనం నేరుగా రుజువు చేయలేదు. అయినా నూరు మందిలో ముగ్గురు నలుగురి ప్రాణాలంటే చిన్న సంగతి కాదు.

పైగా లిగ్నోకెయిన్ 1943లో స్వీడన్‌లో తయారైన పాత మందు. పేటెంటు ఎప్పుడో పోయింది, ఖరీదూ తక్కువే. నారాయణగూడలో చిన్న నర్సింగ్‌హోమ్ బీరువాలోనైనా ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా రొమ్ము ఆపరేషన్ తేదీ ఖరారైతే, ఈ సూది సంగతి సర్జన్‌ని ముందే అడగండి.