ఇంట్లోనే విమానం.. రెక్కలు కట్టే ముందే అసలు పని

అమెరికాలో సొంత విమానాన్ని ఇంట్లోనే కట్టుకోవడం వింతేమీ కాదు. కిట్ కొని, కారు షెడ్డులో ఏళ్ల తరబడి బిగించుకుని, చివరికి అందులోనే ఎగురుతారు. ఒరెగాన్ రాష్ట్రంలోని అరోరాలో ఉన్న వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అమ్మే ఆర్‌వీ కిట్లకు ఇందులో మంచి పేరుంది. పనిలో ఎక్కువ భాగం ఔత్సాహికులే చేయాలన్నది అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నిబంధన. దాన్నే 51 శాతం రూల్ అంటారు.

మామూలుగా ముందు తోక భాగం కడతారు. చిన్నది కాబట్టి చేయి తిరుగుతుంది, పాడైతే ఇంకో రేకు తెప్పించుకోవచ్చు. రెక్కల దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. మెలి తిరిగి ఉండగానే రివెట్లు కొట్టేస్తే ఆ మెలి ఇక పోదు. గాలిలోకి లేచాక విమానం ఒక పక్కకే వాలుతుంటుంది.

అందుకే ముందు స్టాండు. రెండు గట్టి నిలువు దుంగలను నేలకు కదలకుండా బిగించి, వాటి మధ్య రెక్క అస్థిపంజరాన్ని నిలబెడతారు. దీని వెన్నెముక లాంటి స్పార్ నడుమ కుంగిందేమో దారం లాగి చూస్తారు. మెలి పట్టుకోవడానికి వాడేది మేస్త్రీలు గోడ నిటారు చూసుకునే తూకం గుండే! స్పార్ పొడవునా కొన్ని చోట్ల గుండ్లు వేలాడదీసి, దారాల నుంచి వెనుక స్పార్‌కు దూరం కొలుస్తారు. అన్ని చోట్లా ఒకే కొలత రావాలి. ఇప్పటి కిట్లలో రంధ్రాలు ముందే వేసి వస్తున్నాయి కాబట్టి తప్పు జరిగే అవకాశం తగ్గింది. అయినా ఈ కొలత మానేయడం తెలివైన పని కాదు.

ఇక చేతులు నొప్పిపుట్టించే పని అంచులు నున్నగా రుద్దడం. అల్యూమినియం రేకు అంచులో, రంధ్రంలో మిగిలిన చిన్న గరుకు దగ్గరే కాలక్రమంలో పగులు మొదలవుతుంది. వందల భాగాలు, వేల రంధ్రాలు. విసుగొచ్చి వదిలేసేది కూడా ఇక్కడే. రివెట్ తల రేకుతో సమంగా కూర్చునేలా రంధ్రం చుట్టూ గుంట నొక్కుతారు, దాన్ని డింపుల్ అంటారు. లేజర్‌తో కోసిన రంధ్రాలకు డింపుల్ కొడితే పగుళ్లు వస్తున్నాయని 2023లో తేలింది. అప్పటికే కట్టేసిన భాగాలను చాలామంది మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. ఆ డిసెంబరులోనే వ్యాన్స్ దివాలా చట్టం కింద కోర్టును ఆశ్రయించింది. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో సగం కట్టిన కిట్ కొనేవాళ్లు ఏ భాగం ఎలా కోశారో ముందు అడగడం మంచిది.

పెట్టె తెరవగానే లిస్టు పట్టుకుని ప్రతి భాగం లెక్కపెట్టుకోవాలి. లైట్లు ఎక్కడ, వైర్లు ఎటు పోవాలి, ఆటోపైలట్ మోటారు పెట్టాలా అన్నవి కూడా అప్పుడే తేల్చుకోవాలి. పైరేకు మూసేశాక లోపల చేయి పెట్టడం కష్టం. చాలా ఆర్‌వీల్లో పెట్రోలు ట్యాంకు రెక్క ముందంచులోనే ఉంటుంది. అతుకుల్లో పూసే సీలెంట్ కలిపిన కాసేపటికే గట్టిపడిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుతారు. వాసన మాత్రం ఘోరం.

చాలా రివెట్లకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు గన్ను పడితే, ఇంకొకరు అవతలి వైపు ఇనుప దిమ్మె ఆనించాలి. ఇంట్లోవాళ్లకు ఆ పని ముందే నేర్పి, పనికిరాని రేకుల మీద ప్రాక్టీసు చేయిస్తారు. రెక్క మూసేముందు ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ తరఫున ఉండే టెక్నికల్ కౌన్సిలర్‌ను ఇంటికి పిలిచి చూపించుకోవచ్చు. ఆయన రుసుమేమీ తీసుకోడు.