ఇంటికి పూల్ టేబుల్: బ్రాండ్ చూడాలా, గుడ్డ కింద రాయి చూడాలా?

ముచ్చటపడి కొన్న పూల్ టేబుల్ రెండేళ్లు తిరక్కుండానే ఇస్త్రీ బట్టలు పెట్టుకునే బల్లగా మారిపోవడం చాలా ఇళ్లలో కనిపించేదే. ఆట మీద మోజు తగ్గడం ఒక్కటే దీనికి కారణం కాదు. నెమ్మదిగా కొట్టిన బంతి దానంతట అదే ఓ పక్కకు ఒరిగిపోతుంటే, కుషన్‌కు తగిలిన బంతి చప్పగా వెనక్కి వస్తుంటే ఎంత ఇష్టం ఉన్నా ఆట సాగదు.

అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆడటం అలవాటై, ఇంట్లోనూ ఒకటి పెట్టుకుందామనుకునే వారు ముందుగా అడిగే ప్రశ్న 'ఏ బ్రాండ్ మంచిది?' అని. అయితే ఆ పేరు ఒక్కటే చూసి కొంటే మోసపోయే అవకాశం ఎక్కువ.

పేరు ఒకటే, టేబుళ్లు వేరు

అమెరికాలోని సిన్సినాటిలో 1845లో మొదలైన బ్రన్స్‌విక్ ఈ రంగంలో అతి పాత పేర్లలో ఒకటి. 1961లో వచ్చిన ఆ సంస్థ 'గోల్డ్ క్రౌన్' టేబుల్ పూల్ హాళ్లలో దశాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచింది. 2022లో బ్రన్స్‌విక్ బిలియర్డ్స్ వ్యాపారం ఎస్కలేడ్ అనే క్రీడా పరికరాల కంపెనీ చేతికి వెళ్లింది. అంటే పాత పేరు వెనుక ఇప్పుడున్నది పాత యాజమాన్యం కాదు.

ఇంగ్లండ్‌కు చెందిన రైలీ కూడా అంతే. స్నూకర్‌లో 19వ శతాబ్దం నుంచి ఉన్న ఆ పేరుతో పూర్తి సైజు రాతి టేబుళ్లూ వచ్చాయి, మడిచి మంచం కింద పెట్టుకునే చిన్న టేబుళ్లూ వచ్చాయి. కాబట్టి మోడల్ తెలియకుండా బ్రాండ్‌ను పోల్చడంలో అర్థం లేదు.

అసలు తేడా పలకలో

పూల్ టేబుల్ ఆకుపచ్చ గుడ్డ కింద ఉండాల్సింది స్లేట్ రాయి. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరానికి ఈ జాతి రాయి కొత్త కాదు. పొరలుగా చీలుతుంది, నున్నగా సాన పట్టడానికి వీలవుతుంది, గాలిలో తేమకు వంగిపోదు.

చవక టేబుళ్లలో రాయికి బదులు ఎండీఎఫ్ చెక్క ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ పొర వేసి 'స్లేట్రాన్' లాంటి పేర్లతో అమ్ముతారు. పేరులో స్లేట్ ఉన్నా అందులో రాయి ఉండదు. ఎండీఎఫ్ తేమను పీల్చుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ మధ్యలో కుంగుతుంది. విశాఖ, చెన్నై, ముంబయి లాంటి తీర నగరాల్లో ఈ బెడద మరీ ఎక్కువ.

పోటీల టేబుళ్లకు కనీసం ఒక అంగుళం, అంటే సుమారు 25 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక వాడతారు. ఇళ్ల కోసం చేసే వాటిలో 19 మిల్లీమీటర్ల పలకలూ ఉంటాయి. 'ఇటాలియన్ స్లేట్' అనే ప్రకటన కంటే మందం ఎంతో అడిగి బిల్లులో రాయించుకోవడం మేలు.

ఎవరికి ఏ టేబుల్?

అమెరికన్ సంస్థ డైమండ్ టేబుళ్లు పోటీ ఆటగాళ్లకు నచ్చుతాయి. వాటి పాకెట్లు ఇరుకుగా ఉంటాయి. గురి కాస్త తప్పినా బంతి పడదు. సాధనకు ఇది మంచిదే కానీ, పిల్లలు, చుట్టాలు సరదాగా ఆడే ఇంట్లో విసుగు తెప్పించవచ్చు. వీటిలో ఒకే పలకతో చేసిన మోడళ్లు కూడా ఉన్నాయి. అతుకులు ఉండవు కానీ పై అంతస్తుకు చేర్చడం చాలా కష్టం.

ఓల్‌హౌసెన్ ప్రధానంగా ఇళ్లను దృష్టిలో పెట్టుకున్న అమెరికన్ బ్రాండ్. తొలి కొనుగోలుదారుకు జీవితకాల వారంటీ ఇస్తుంది. అయితే మన ఊళ్లో దాన్ని విప్పి బిగించే మనిషి లేకపోతే ఆ వారంటీ కాగితానికే పరిమితం. అంతర్జాతీయ పోటీల్లో కనిపించే చైనా బ్రాండ్ రాసన్ కూడా డైమండ్ లాగే పోటీ ఆటకు తగ్గది.

స్వదేశీ టేబుళ్ల సంగతి

టేబుళ్ల తయారీలో మన దేశానికి అనుభవం తక్కువేమీ కాదు. స్నూకర్ పుట్టింది 1875లో జబల్‌పూర్ సైనిక శిబిరంలోనే అన్నది అందరూ అంగీకరించే కథనం. ఏ క్రీడలోనైనా భారత్ నుంచి తొలి ప్రపంచ విజేత 1958లో బిలియర్డ్స్ గెలిచిన విల్సన్ జోన్స్.

ఆ వారసత్వం వల్ల చిన్న చిక్కు కూడా ఉంది. మన దగ్గర పూల్ టేబుల్ పేరుతో అమ్మేవాటిలో కొన్ని నిజానికి చిన్న స్నూకర్ టేబుళ్లు. స్నూకర్ పాకెట్ల అంచులు గుండ్రంగా ఉంటాయి, గుడ్డకు నూగు ఉంటుంది, బంతి 52.5 మిల్లీమీటర్లు. అమెరికన్ పూల్‌లో అంచులు కోణంగా, గుడ్డ నున్నగా ఉంటాయి, బంతి 57.15 మిల్లీమీటర్లు. ఏ ఆట కోసం కొంటున్నామో ముందే తేల్చుకోవాలి.

రాతి పలక, మంచి రబ్బరు కుషన్లు, గట్టి చెక్క చట్రం ఉన్న స్వదేశీ టేబుల్ దిగుమతి చేసుకున్న ఎండీఎఫ్ టేబుల్ కంటే ఎప్పుడూ నయమే. మిగిలిన డబ్బుతో బెల్జియంలో తయారయ్యే సిమోనిస్ గుడ్డ, అరామిత్ బంతులు కొనుక్కుంటే ఆటలో తేడా వెంటనే తెలుస్తుంది.

హాలు సరిపోతుందా?

టేబుల్ పట్టినంత మాత్రాన చాలదు, నాలుగు వైపులా క్యూ వెనక్కి లాగే చోటు కావాలి. మామూలు క్యూ పొడవు 58 అంగుళాలు. ఆ లెక్కన 7 అడుగుల టేబుల్‌కు సుమారు 13×16 అడుగులు, 8 అడుగుల దానికి 13½×17, 9 అడుగుల దానికి 14×18 అడుగుల ఖాళీ గది ఉండాలి. 48 అంగుళాల పొట్టి క్యూ వాడితే 8 అడుగుల టేబుల్‌కు దాదాపు 12×15½ అడుగులతో సర్దుకోవచ్చు.

8 అడుగుల టేబుల్‌లో అంగుళం మందం పలక ఒక్కటే 200 కిలోల దాకా తూగుతుంది. మూడు ముక్కలుగా వస్తే ఒక్కోటి 70 కిలోలు, మనుషులు మోయగలరు. టేబుల్ మొత్తం బరువు 350 నుంచి 400 కిలోలు ఉండొచ్చు. ఇళ్ల స్లాబులను చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువు మోసేలా కట్టాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. టేబుల్ బరువు దాని విస్తీర్ణమంతటా పరుచుకుంటే ఈ పరిమితి లోపే ఉంటుంది. కానీ ఆ భారమంతా కాళ్ల మీదే పడుతుంది కాబట్టి పాత భవనాల్లో ఇంజినీరును అడగడం మంచిది.

డబ్బు చెల్లించే ముందు

దుకాణంలో రసమట్టం పెట్టి పలకను నిలువుగా, అడ్డంగా చూడాలి. బంతిని అతి నెమ్మదిగా దొర్లించి గీత తప్పుతోందేమో గమనించాలి. పలకల అతుకులు నింపి, మట్టం సరిచేసి బిగించే పని ఎవరిదో, దాని ఖర్చు ధరలో కలిసి ఉందో లేదో తెలుసుకోవాలి. ఆర్నెల్ల తర్వాత మట్టం మళ్లీ చూస్తారా, గుడ్డ మార్చాల్సి వస్తే ఎవరు వస్తారు అన్నవీ అడగాలి.

ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే స్థానిక తయారీదారు, జవాబు లేని విదేశీ బ్రాండ్ డీలరు కంటే నమ్మదగినవాడు. బిగించిన మనిషి పని సరిగ్గా లేకపోతే ఎంత పేరున్న టేబుల్ మీదైనా బంతి పక్కకే పోతుంది.