7.4 పెదవి, అంగిలి చీలిక: జన్యు ప్రమాద స్కోరు

బహుజన్యు లక్షణాల గురించి కిందటి భాగంలో చదివారు. ఆ సూత్రాన్ని ఇప్పుడు పుట్టుకతో వచ్చే పెదవి, అంగిలి చీలికకు అన్వయించి చూద్దాం. మన వాడుకలో దీన్ని గ్రహణం మొర్రి అంటారు. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందన్న నమ్మకం ఆ పేరులోనే ఉంది. ఈ నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు. అయినా నింద మోసేది తల్లే.

7.4.1 కారణాలు

పిండం ముఖంలో వేర్వేరుగా పెరిగే కణజాలాలు కలిసినప్పుడు గర్భం 4-7 వారాల మధ్య పై పెదవి, 6-9 వారాల మధ్య అంగిలి ఏర్పడతాయి. ఈ కలయిక పూర్తికాకపోతే చీలిక మిగిలిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 700 మంది శిశువుల్లో ఒకరికి ఈ లోపం ఉంటుంది.

వాన్ డర్ వూడ్ సిండ్రోమ్‌లో ఐఆర్ఎఫ్6 అనే ఒకే జన్యువులోని ఉత్పరివర్తన చీలికకు దారితీస్తుంది. అయితే ఎక్కువ మందిలో కారణం ఇంత సూటిగా ఉండదు. అనేక జన్యు రూపాంతరాల చిన్న చిన్న ప్రభావాలకు తల్లి ధూమపానం, మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు వంటివి తోడవుతాయి. ఏకరూప కవలల్లో ఒకరికి చీలిక ఉండి మరొకరికి లేకపోవడం దీనికి నిదర్శనం.

7.4.2 స్కోరు లెక్కించే విధానం

చీలిక ఉన్నవారి జీనోమ్‌లను లేనివారి జీనోమ్‌లతో పోల్చి, 8క్యూ24 వంటి ప్రాంతాల్లో ప్రమాద రూపాంతరాలను గుర్తించారు. ప్రతి రూపాంతరానికీ దాని ప్రభావాన్ని బట్టి ఒక భారం ఇస్తారు. వ్యక్తిలో ఉన్న ప్రతుల సంఖ్యను (0, 1 లేదా 2) ఆ భారంతో గుణించి, అన్నిటినీ కూడితే వచ్చేదే స్కోరు.

ఉదాహరణకు భారాలు 0.5, 0.3, 0.2, ప్రతులు వరుసగా 1, 2, 0 అనుకుందాం. స్కోరు = 0.5 + 0.6 + 0 = 1.1.

7.4.3 స్కోరు పరిమితులు

70,000 జననాల్లో 100 మందికి చీలిక ఉంటుంది. అత్యధిక స్కోరు గల 5 శాతం మందికి, అంటే 3,500 మందికి, ప్రమాదం సగటుకు 4 రెట్లు ఉందనుకుందాం. వారిలో చీలికతో పుట్టేవారు 20 మంది. ఆరోగ్యంగా పుట్టేవారు 3,480 మంది. మిగిలిన 80 మంది ఈ వర్గానికి బయటే పుడతారు. కాబట్టి స్కోరు సమూహాల మధ్య తేడా చూపుతుందే తప్ప, ఫలానా బిడ్డకు చీలిక వస్తుందో రాదో చెప్పలేదు.

ఈ ఉదాహరణలో అధిక స్కోరు వర్గానికి ఉన్న ప్రమాదం 0.6 శాతం లోపే. సిండ్రోమ్ లేని తల్లిదండ్రులకు మొదటి బిడ్డ పెదవి చీలికతో పుడితే, తర్వాతి బిడ్డకు ప్రమాదం సుమారు 4 శాతం. అంటే కుటుంబ చరిత్ర ఇంతకంటే ఎక్కువ చెబుతుంది. పైగా ఐరోపా సంతతి వారి సమాచారంతో తయారైన భారాలు మన జనాభాకు అదే కచ్చితత్వంతో వర్తించవు.

7.4.4 సలహా ఇచ్చేటప్పుడు

అధిక స్కోరు రోగ నిర్ధారణ కాదు. పెదవి చీలికను 18-20 వారాల స్కానింగ్‌లో చాలావరకు గుర్తించవచ్చు. అంగిలి చీలిక ఒక్కటే ఉంటే తరచుగా కనబడదు. పెదవికి సాధారణంగా 3-6 నెలల వయసులో, అంగిలికి 9-18 నెలల మధ్య శస్త్రచికిత్స చేస్తారు. ఈ విషయాలు తల్లిదండ్రులకు స్కోరుతో పాటే చెప్పాలి. లేకపోతే నిన్నటిదాకా గ్రహణం పేరుతో తల్లిపై పడిన నింద రేపు జన్యువుల పేరుతో పడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. భారాలు 0.4, 0.1, ప్రతులు 2, 1 అయితే స్కోరు ఎంత?
2. తక్కువ స్కోరు ఉన్నవారిలోనూ చీలిక ఎందుకు కనిపిస్తుంది?