మీకు తెలుసా? మరాఠీ నోట ఇంగ్లిష్ పలుకు

నాచారంలో ఆటో ఎక్కితే కాసేపట్లో తార్నాక. అక్కడున్న ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) 1958లో ‘సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్’ పేరుతో మొదలైందని తెలుసా? 1972లో సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. మనవాళ్ల ఇంగ్లిష్ ఎదుటివారికి ఎంతవరకు అర్థమవుతుందో పరిశోధించిన ఆర్.కె. బన్సల్ పుస్తకం 1969లో వచ్చింది ఈ సంస్థ నుంచే. పదంలో ఒత్తి పలకాల్సిన చోటు తప్పడం, మాట అర్థం కాకపోవడానికి ఒక ముఖ్య కారణమని ఆయన తేల్చారు.

1956 దాకా మరాఠ్వాడా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. మరాఠీ మనకు ఇరుగుపొరుగు భాష. మీ పక్కింటివాళ్లు మరాఠీవాళ్లయితే, ఇంగ్లిష్ పలుకు గురించిన ఈ సంగతులు వాళ్లతో చెప్పి చూడండి.

‘జీరో’ మొదటి శబ్దం కోసం మరాఠీవాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. మనం ‘జర ఆగు’ అంటామే, ఆ ‘జర’ మరాఠీలోనూ ఉంది, ‘జరా’ అని. ఆ ‘జ’ను నాలుక కొస పళ్లకు తగలనివ్వకుండా సాగదీస్తే చాలు, ‘జీరో’, ‘జూ’ చక్కగా వస్తాయి. ‘జాబ్’, ‘జూన్’లకు మాత్రం ‘జీవ్’లోని మెత్తని ‘జ’ కావాలి. రెండు ‘జ’లూ నోట్లోనే ఉన్నాయి, ఏ మాటకు ఏది వాడాలో తెలియడమే చదువంతా. తెలుగులోనూ ఇదే జంట ఉంది. మన పాత నిఘంటువులు ‘చలి’, ‘జడ’ లాంటి మాటల్లో చ, జల నెత్తిన చిన్న గుర్తు పెట్టి ౘ, ౙ అని వేరుగా అచ్చువేశాయి. ఆ గుర్తు మన బడిపుస్తకాల్లోంచి పోయినందుకు నాకు నిజంగా బాధే.

టీవీని మరాఠీలో ‘టీవ్హీ’ అని రాస్తారు, ‘వాటర్’కు మాత్రం ఉత్త ‘వ’. అంటే పైపళ్లు కింది పెదవిని తాకే శబ్దాన్నీ, పెదాలు గుండ్రంగా చుట్టే శబ్దాన్నీ వాళ్ల రాత ఎప్పుడో విడదీసింది. నోరు ఆ రాతను అనుసరిస్తే చాలు.

మరాఠీలో ‘ఎ’, ‘ఏ’ అని రెండు లేవు, ఒక్కటే. అందుకే ‘పెన్’, ‘పెయిన్’ ఒకేలా వినపడే ప్రమాదం ఉంది. ఇక్కడ తెలుగు పొరుగువారే పంతులు. ‘మెడ’, ‘మేడ’ అని పదిసార్లు పలికించండి. ఇ, ఈల తేడా కూడా మరాఠీ రాతలో ఉన్నంతగా నోట్లో ఉండదు కాబట్టి ‘షిప్’, ‘షీప్’ కలిసిపోతాయి. దానికి ‘విడు’, ‘వీడు’ ఉన్నాయి.

‘ఏక్’ను ‘యేక్’ అనడం మరాఠీలో మామూలే. మనం ఎమ్మెల్యేను ‘యెమ్మెల్యే’ అంటాం. ‘ఎగ్’ దగ్గర ఇద్దరమూ జాగ్రత్తపడాలి.

ఇక ఒత్తు సంగతి. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. ‘సర్వే’ అనే మాట నామవాచకంగా వస్తే ఒత్తు మొదటి అక్షరం మీద, క్రియగా వస్తే రెండోదాని మీద. బన్సల్ చెప్పింది ఇలాంటివాటి గురించే. 1818లో సర్వే నడిపిన లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాద్ వచ్చిన జార్జ్ ఎవరెస్ట్ తర్వాత ఆ సర్వేకే అధిపతి అయ్యారు. హిమాలయ శిఖరానికి తన పేరు పెట్టాలన్నప్పుడు, భారతీయులు దాన్ని పలకలేరని 1857లో అభ్యంతరం చెప్పారు. ఆయన తన పేరును పలికింది ‘ఈవ్‌రెస్ట్’ అని. ఇప్పుడు ఇంగ్లండులోనూ ఆ శిఖరం పేరును అలా పలకరు.