హెన్రిక్ వాన్ రీడ్ ‘హోర్తుస్ మలబారికుస్’: దేశీయ వైద్యుల భాగస్వామ్యం

పదిహేడవ శతాబ్దపు వృక్షశాస్త్ర గ్రంథాలలో ‘హోర్తుస్ మలబారికుస్’ (మలబారు ఉద్యానం) విశిష్టమైనది. పన్నెండు సంపుటాల ఈ లాటిన్ గ్రంథం 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడింది. 740కి పైగా మొక్కల వర్ణనలు, చిత్రాలు, ఔషధ గుణాలు ఇందులో ఉన్నాయి. దీని కర్తగా ప్రసిద్ధుడైన హెన్రిక్ వాన్ రీడ్ (1636–1691) శిక్షణ పొందిన వృక్షశాస్త్రవేత్త కాడు. డచ్ ఈస్టిండియా కంపెనీలో సైనికుడిగా పనిచేసి, మలబారు పాలనాధికారి అయినవాడు. కనుక ఇందులోని జ్ఞానం ఎవరిదనే ప్రశ్న ఉదయిస్తుంది.

ఈ కృషి వెనుక కంపెనీ ప్రయోజనమూ ఉంది. ఓడలలో యూరప్ నుండి వచ్చే మందులకు ఖర్చు ఎక్కువ. సుదీర్ఘ ప్రయాణంలో వాటి గుణం తగ్గేది. స్థానిక మూలికలు తెలిస్తే ఆ అవసరం తీరుతుందని వాన్ రీడ్ భావించాడు.

ఆ మూలికల సంగతి తెలిసినవారు స్థానిక వైద్యులే. ఈళవ కులానికి చెందిన ఇట్టి అచ్యుతన్ తన వంశపు గ్రంథం, స్వానుభవం ఆధారంగా మొక్కల వివరాలను మలయాళంలో చెప్పాడు. ఇమాన్యుయేల్ కార్నీరో వాటిని పోర్చుగీసులోకి మార్చగా, మతాచార్యుడు కసేరియస్ లాటిన్‌లో కూర్చాడు. రంగ భట్టు, వినాయక పండితుడు, అప్పు భట్టు అనే కొంకణీ వైద్యులు కూడా తోడ్పడ్డారు. 1675లో వీరు రాసి ఇచ్చిన ధ్రువపత్రాలను వారి వారి లిపులలోనే మొదటి సంపుటంలో ముద్రించారు. సమాచారం ఇచ్చినవారిని పేరుపేరునా గుర్తించడం ఈ గ్రంథపు ముఖ్య లక్షణం. అయితే గ్రంథకర్తృత్వం మాత్రం వాన్ రీడ్‌కే దక్కింది.

1691లో సూరత్‌కు ఓడలో వెళ్తూ వాన్ రీడ్ మరణించాడు. చివరి సంపుటాలు ఆ తరువాతే వచ్చాయి. లిన్నేయస్ ఈ గ్రంథాన్ని విరివిగా ఉదాహరించాడు. ఏలకుల ప్రజాతి నామం ‘ఎలెట్టారియా’, కానుగ నామం ‘పొంగామియా’ ఇందులో నమోదైన దేశీయ పేర్ల నుండి ఏర్పడినవే. కసేరియస్ పేరిట ‘కసేరియా’ ఉన్నట్లే, పందొమ్మిదవ శతాబ్దంలో బ్లూమ్ అచ్యుతన్ పేరిట ‘అచుడేమియా’ అనే ప్రజాతికి నామకరణం చేశాడు. కె. ఎస్. మణిలాల్ ఆంగ్లానువాదం 2003లో కేరళ విశ్వవిద్యాలయం ద్వారా వెలువడింది.

కాబట్టి ఈ గ్రంథాన్ని ఒక డచ్ అధికారి రచనగానే చూడటం అసమగ్రం. అధికారం, ధనం, ముద్రణ వాన్ రీడ్ వైపు నుండి సమకూరగా, మొక్కను గుర్తించి దాని గుణాన్ని చెప్పిన విద్య మలబారు వైద్యులది.