నిలిచియున్న బండిలో యంత్రవేగ మేల మారును?

గత సంవత్సరము విహారయాత్రకై మేము కొందరు విద్యార్థులతో బరంపురమునుండి గోపాలపురము సముద్రతీరమునకు అద్దెకారులో పోయితిమి. తిరుగు ప్రయాణమున ప్రొద్దు గ్రుంకినది, వానయు ఆరంభమైనది. డ్రైవరు దీపములు వెలిగించి, వైపర్లు నడిపి, ఏసీ కూడ వేసెను. ఒక కూడలిలో ఎర్రదీపము చూచి బండి నిలుపగా, యంత్రము రెండుమూడు మారులు వణకి ఆగిపోయినది. "ఏసీ వేస్తే ఇంతే మాష్టారూ! కాలు యాక్సిలరేటరు మీదే ఉంచాలి" అని అతడు చెప్పెను. "బండి కదలటమే లేదు కదండీ, ఇంక దానికి బరువేమిటి?" అని ఒక బాలుడు మమ్ము ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

బండి నిలిచినను యంత్రము ఊరకుండదు. యాక్సిలరేటరు త్రొక్కకున్నను ఆగిపోకుండ తిరుగుటకు దానికొక కనీసవేగము కలదు. దీనినే ఐడ్లింగు అందురు. సాధారణముగా పెట్రోలు కార్లలో ఇది నిమిషమునకు 700 మొదలు 900 చుట్లవరకు ఉండును. నాలుగు సిలిండర్ల యంత్రము నిమిషమునకు 750 చుట్లు తిరుగునపుడు దానిలో సెకనుకు 25 మారులు ఇంధనము మండును. ఇట్లు పుట్టిన శక్తి యంతయు యంత్రపు సొంత రాపిడికి, గాలిని లోనికి పీల్చుకొనుటకు, నూనెను నీటిని త్రిప్పుటకు సరిపోవును. అనగా ఇది నెలజీతము నెల ఖర్చులకే చెల్లిపోవు సంసారము వంటిది. చుట్టమొకడు వచ్చినచో అప్పు తప్పదు.

ఆ చుట్టము లెవ్వరు? ముందుదీపములు రెండును చెరి 55 వాట్లవి యనుకొందము. ఆ విద్యుత్తు బ్యాటరీనుండి ఊరక వచ్చుచున్నదని పలువురు తలంతురు. నిజమునకు యంత్రము నడచుచుండగా దానిని పుట్టించునది ఆల్టర్నేటరు. విద్యుత్తు ఎక్కువగా లాగిన కొలది దానిని త్రిప్పుట కష్టమగును. మధ్యలో పోవు నష్టములతో కలిపి ఆ రెండు దీపములకే యంత్రము సుమారు 200 వాట్లు, అనగా పావు అశ్వశక్తికి పైగా, ఇచ్చుకొనవలెను. ఏసీ కంప్రెసరు అంతకంటె పెద్ద చుట్టము. ఎండను బట్టి అది ఒకటి మొదలు మూడు అశ్వశక్తులవరకు కోరును.

అప్పు ఇచ్చునది యంత్రముతో తిరుగు బరువైన ఫ్లైవీలు చక్రము. దాని తిరుగుడులో దాగిన శక్తి ఖర్చగుటచే వేగము తగ్గును. అయినను యంత్రము వెంటనే ఆగిపోదు. గాలిదారిలోని త్రాటిలు రేకు కదలనందున సెకనుకు లోనికి వచ్చు గాలి ఇంచుమించు అంతే యుండును. చుట్లు తగ్గినందున ఒక్కొక్క విడతకు సిలిండరులో చేరు గాలి పెరుగును, త్రిప్పుబలమును పెరుగును. భారము స్వల్పమైనచో యంత్రము తక్కువ వేగముననే మరల కుదురుకొనును. భారము మితిమీరినచో మంట నిలుకడ తప్పి ఆగిపోవును.

దీనికి చికిత్స, భారము పెరిగినపుడు రాబడియు పెంచుటయే. 1788లో జేమ్సు వాట్టు తన ఆవిరియంత్రమునకు తిరుగు గుండ్లతో గవర్నరును అమర్చినది ఇందులకే. డీజిలు యంత్రములలోని గవర్నరు వేగము తగ్గగానే ఇంధనమును పెంచును. నేటి పెట్రోలు కార్లలో ఈ పని కంప్యూటరుది. ఏసీ మీట నొక్కగానే అది ముందుగా గాలిదారిని కొంచెము తెరచి, పిమ్మట కంప్రెసరును కలుపును. గాలి సిలిండరును చేరుటకు కొంత వ్యవధి పట్టును గనుక, ఆలోపల నిప్పురవ్వను కొంచెము ముందుగా రగిల్చి బలము చేకూర్చును. కొన్ని బండ్లలో చుట్లను కావలెననియే కొంత పెంచును. అందుచేతనే ఏసీ వేసినపుడు పాతకార్లలో వేగము తగ్గుటయు, కొన్ని క్రొత్తకార్లలో పెరుగుటయు చూచుచున్నాము. రెంటికిని మూలకారణ మొక్కటే.

మరి మేము పోయిన కారుకు వచ్చిన రోగమేమి? మరునాడు మెకానికు విప్పి చూడగా త్రాటిలు రేకు అంచున మసి పేరుకొని యుండెను. కంప్యూటరు గాలి నిమ్మనినను సందు చాలలేదు. మసి తుడిచిన పిదప దీపములు, ఏసీ కలిపి వేసినను యంత్రము ఆగలేదు.

డ్రైవరు కాలితో నెట్టుకొనివచ్చినన్నాళ్లు పెట్రోలు దండుగయైనది. అంతకంటె ప్రమాదకరమైన విషయ మొకటి కలదు. నడుచుచున్న బండిలో యంత్రము ఆగినచో బ్రేకునకు యంత్రమిచ్చు సాయము ఒకటి రెండు త్రొక్కుళ్లతో తీరిపోవును; స్టీరింగు బరువెక్కును. కావున వణకును కాలితో అణచి దోషమును కప్పిపుచ్చరాదు. ఆ బాలునివలె ఏల యని అడిగి కారణమును వెదకుటయే మేలు.