పాడి ఆవు - పరిసరాల వేడి

యంత్రాన్ని కొనే ముందు అది ఎంత వేడిని తట్టుకోగలదో మనము తప్పక విచారిస్తాము. స్వగ్రామంలోని తల్లిదండ్రులకు పాడి ఆవును కొనిపెట్టేటప్పుడు మాత్రం "పూటకు ఎన్ని లీటర్లు?" అన్న ప్రశ్నతోనే సరిపెట్టుకుంటాము.

జాతీయ పాడి పరిశోధన సంస్థ 1955లో కర్నాల్‌కు తరలివచ్చింది. నేడు జాతీయ రాజధాని ప్రాంతంలో భాగమైన ఆ పట్టణంలోనే, ఎడారి ఎండలకు ఓర్చే థార్‌పార్కర్ ఆవును అధిక పాలనిచ్చే హోల్‌స్టీన్ ఫ్రీజియన్‌తో సంకరపరచి 'కరణ్ ఫ్రీస్' జాతిని రూపొందించారు.

అయితే పాల దిగుబడి పెరిగేకొద్దీ పశువు శరీరంలో జనించే వేడి కూడా పెరుగుతుంది. ఆ వేడి బయటకు పోకపోతే పశువు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, చూలు నిలవదు. ఢిల్లీ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రోజులున్నాయి. మన ఒంగోలు, సాహివాల్ ఆవులు పాలు తక్కువిచ్చినా ఎండను, గోమార్లను మెరుగుగా తట్టుకుంటాయి.

కనుక సంకరజాతి ఆవుకు ఎత్తైన కప్పు, గాలి ఆడే కొట్టము, నిరంతరం చల్లని నీరు అవసరం. మేతలో అధికభాగం తెల్లవారుజామున, రాత్రివేళ వేయాలి. కోస్తా ఉక్కలో నీళ్లు చల్లడం ఒక్కటే చాలదు. తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది గనుక ఫ్యాను గాలి కూడా తోడు కావాలి.

ఇంతటి వసతి కల్పించలేని ఇంటికి దేశవాళీ ఆవే క్షేమమని మా అభిప్రాయము. ఆవు వెలతోపాటు కొట్టము ఖర్చును కూడా లెక్కించిన పిమ్మటనే అప్పుకు దరఖాస్తు చేయడం మంచిది.